కండె మారినప్పుడల్లా నడుము విరుచుకోవాలి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద, చౌటుప్పల్‌లో నేను ఫిజియోథెరపీ చేస్తాను. చుట్టుపక్కల పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక లాంటి నేత ఊళ్లున్నాయి. రోడ్డు వెంట మందుల కంపెనీలున్నాయి. పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఉద్యోగులున్నారు. మగ్గం దిగి వచ్చిన పెద్దాయన, నాట్లేసి వచ్చిన కూలి అక్క, లారీ డ్రైవరు, లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకున్న కుర్రాడు, అందరూ నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. లోపలికి రాగానే అందరూ అడిగేది ఒకటే: "మేడం, ఎట్ల కూసోవాలె?"

వీపు నిటారుగా పెట్టు, భుజాలు వెనక్కి లాగు, కదలకుండా కూర్చో అని చెబుతానని ఎదురుచూస్తారు. నేను అలా చెప్పను. ఎంత చక్కగా కూర్చున్నా, రెండు గంటలు అలాగే ఉండిపోతే నడుము ఒప్పుకోదు. వెనక కాస్త ఆధారం కావాలి, చేసే పని ఎత్తు మన ఒంటికి తగ్గట్టు ఉండాలి, ఈ రెండిటికన్నా ముందు తరచూ కదలాలి. ఇంతే నేను చెప్పేది. కానీ ఎందుకో తెలియకపోతే ఎవరూ పాటించరు. అందుకే ప్రతి మనిషినీ కాసేపు కూర్చోబెట్టి చెబుతాను.

మన వెన్నెముకలో మెడ దగ్గర 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5 ఉంటాయి. పై ఒంటి బరువంతా చివరికి నడుము పూసల మీదికే దిగుతుంది, అందుకే అవి అన్నిటికన్నా పెద్దవి. పూసకీ పూసకీ మధ్య డిస్కు ఉంటుంది. దాని చుట్టూ గట్టి నార పొరలు, లోపల జిగురుగా ఉండే మెత్తని పదార్థం. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు దాదాపు వెళ్లవు. నీళ్లూ పోషకాలూ పక్క పూసల నుంచి మెల్లగా ఊరి రావాల్సిందే. మనం కదిలితే ఆ రాకపోకలు బాగా సాగుతాయి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నానబోసిన శనగల్లా నీళ్లు తాగి ఉబ్బుతాయి. పగలు బరువు పడి ఆ నీళ్లు కొంత బయటికి పోతాయి. పొద్దున కొలిస్తే మన ఎత్తు సాయంత్రం కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువుండేది ఇందుకే.

లేవగానే నడుము బిగుసుకున్నట్టు ఉండటానికి ఇదీ ఒక కారణం. ఉబ్బి ఉన్న డిస్కు మీద, వంగినప్పుడు పడే ఒత్తిడి మరింత ఎక్కువ. పొద్దున్నే నడుము వంచే పనులు మానుకున్నవాళ్లకు నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో స్నూక్ బృందం చేసిన అధ్యయనంలో తేలింది. మరి మన ఆడవాళ్లు నిద్ర లేవగానే మొదట చేసేదేమిటి? పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయడం. మూడూ నడుము దగ్గర మడిచినట్టు వంగి చేసేవే. నొప్పి ఉన్నవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, ముందు నీళ్లు కాచుకోండి, టీ పెట్టుకోండి, ఇంట్లో అటూ ఇటూ తిరగండి, ఒక గంట తర్వాత వాకిట్లోకి వెళ్లండి. చీపురుకు పొడుగు కర్ర కట్టించండి. ముగ్గు గొంతు కూర్చుని వేయండి. "అత్త ఏమంటదో" అన్న అమ్మాయిలు ఉన్నారు. అలాంటప్పుడు అత్తగారిని కూడా తీసుకురమ్మంటాను. ఆవిడకూ నడుం నొప్పి ఉంటుంది. ఇద్దరికీ కలిపి చెబితే ఇంట్లో మార్పు తొందరగా వస్తుంది.

డిస్కు లోపలి ఒత్తిడి ఎంతో ఊహించి చెప్పడం కాదు, సూది దింపి కొలిచారు. స్వీడన్‌కు చెందిన నాకెమ్సన్ 1960ల్లో ఆ పని మొదలుపెట్టాడు. నిలబడటం కన్నా కూర్చోవడమే నడుముకు ఎక్కువ భారం అని ఆయన కొలతల్లో తేలింది, దశాబ్దాల పాటు అందరూ అదే చెప్పారు. 1999లో జర్మనీలో విల్కె అనే శాస్త్రవేత్త బృందం 45 ఏళ్ల, 70 కిలోల మనిషి డిస్కులో చిన్న సెన్సరు పెట్టి మళ్లీ కొలిచింది. నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, పడుకున్నప్పుడు 20. ఏ ఆధారమూ లేకుండా తేలిగ్గా కూర్చుంటే 92. కుర్చీలో వెనక్కి జారగిలబడితే 54 మాత్రమే. ముందుకు వంగి నిలబడితే 220. ఒక్క మనిషి మీద తీసిన కొలతలివి, అందరికీ అచ్చం ఇలాగే ఉండాలని లేదు. కానీ రెండు సంగతులు మాత్రం స్పష్టం. వెనక్కి వాలితే నడుము బరువును కుర్చీ మోస్తుంది. ముందుకు వంగితే ఆ బరువును మనమే మోస్తాం, రెట్టింపుగా.

ఇదే కొలతల్లో దాదాపు 20 కిలోల బరువు ఎత్తి కూడా చూశారు. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాను అంతే బరువు. నడుము గుండ్రంగా వంచి ఎత్తితే 460. మోకాళ్లు వంచి ఎత్తితే 340. ఎత్తాక ఛాతీకి ఆనించి పట్టుకుంటే 220, చేతులు చాపి అరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 360. కాబట్టి క్యాను ఎత్తడంలో ఉన్న కిటుకు మోకాళ్లలో కన్నా దగ్గరితనంలోనే ఎక్కువ. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, క్యాను రెండు పాదాల మధ్యకి లాక్కుని, పొట్టకు ఆనించి లేవాలి. డిస్పెన్సరు మీద బోర్లించేటప్పుడు నడుము తిప్పకుండా పాదాలు తిప్పాలి. ఇంట్లో మరో మనిషి ఉంటే పిలవండి. లేదా క్యాను కింద పెట్టి చేత్తో నొక్కే చిన్న పంపు బిగించుకోండి, ఎత్తే పనే ఉండదు.

నాకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి మగ్గం. గుంట మగ్గం ముందు, నేల మట్టానికి వేసిన పలక మీద నేతన్న కూర్చుంటాడు. కాళ్లు గుంటలో ఉంటాయి, వాటితో కింది చెక్కలు తొక్కుతాడు. ఒక చేత్తో తాడు లాగితే నాడె పడుగు మధ్య నుంచి దూసుకుపోతుంది, రెండో చేత్తో పన్నెను ముందుకు లాగి పేకను కొడతాడు. వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. పోచంపల్లి ఇక్కత్‌లో దీనికి ఇంకో కష్టం తోడవుతుంది. చిటికి కట్టి రంగులు అద్దిన దారం కాబట్టి, పోగు ఉండాల్సిన చోటే పడిందా లేదా అని ముందుకు వంగి చూడాలి, తేడా వస్తే వేలితో సర్దాలి. చీర నేసినన్నాళ్లూ ఇదే పని.

చాలామంది నేత కార్మికుల నడుం నొప్పికి మూలం నడుములో ఉండదు, కళ్లలో ఉంటుంది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. పోగు కనపడక ఇంకో నాలుగు వేళ్లు ముందుకు వంగుతారు. మగ్గం ఉన్న గది చీకటిగా ఉంటే ఇంకో నాలుగు వేళ్లు. అందుకే నేను మొదట "మామా, కళ్లద్దాలు ఉన్నయా?" అని అడుగుతాను. చదువుకునే దూరానికి కాకుండా మగ్గం మీద పోగు ఉండే దూరానికి సరిపోయేలా అద్దాలు రాయించుకోవాలి. ఆ దూరం టేపుతో కొలిచి చీటీ మీద రాసిచ్చి కంటి డాక్టరు దగ్గరికి పంపుతాను. నేత మీద పడేలా ఒక ఎల్‌ఈడీ లైటు పక్క నుంచి బిగించమంటాను. ఈ రెండింటితోనే వంగుడు కళ్లకు కనిపించేంతగా తగ్గుతుంది.

తర్వాతిది పలక. 1953లో అమెరికాలో కీగన్ అనే డాక్టరు మనుషులను రకరకాలుగా కూర్చోబెట్టి, పడుకోబెట్టి ఎక్స్‌రేలు తీశాడు. తొడలు పొట్ట వైపు మడిచినకొద్దీ నడుములో సహజంగా ఉండే లోపలి వంపు చదునైపోతుందని, ఒంటికీ తొడలకీ మధ్య కోణం 135 డిగ్రీల దాకా తెరుచుకున్నప్పుడు వంపు హాయిగా నిలుస్తుందని చూపించాడు. ఆ లెక్కన గుంట మగ్గంలో ఒక మేలు దాగి ఉంది. కాళ్లు కిందికి వేలాడతాయి కాబట్టి తొడలు కిందికి వాలే వీలుంది. పలక మరీ కిందికి ఉన్నప్పుడో, గుంట లోతు చాలనప్పుడో మోకాళ్లు పైకి లేచి ఆ మేలు పోతుంది. పలక మీద వెనక వైపు మాత్రమే గోనెసంచి మడతపెట్టి వేసి కూర్చుంటే, కూర్చునే చోటు కాస్త ముందుకు వాలి, మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగుతాయి. వెనక గోడ దగ్గరగా ఉంటే గోడకూ నడుముకూ మధ్య దిండు, లేకపోతే ఒక చెక్క నిలబెట్టించి దానికి దూది పట్టీ కట్టించుకోవచ్చు. నేసేటప్పుడు అది తగలదు, ఆగినప్పుడు ఆనుకోవడానికి పనికొస్తుంది.

ఇక ఆగడం. "గంటకోసారి లేవండి" అంటే ఎవరూ లేవరు, పని ఊపులో గడియారం ఎవరికి గుర్తుంటుంది? అందుకే పనిలోనే ఉన్న గుర్తును వాడుకోమంటాను. నాడెలో దారం చుట్టిన కండె అయిపోతుంది, మార్చాలి. మార్చిన ప్రతిసారీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని వెనక్కి ఒకసారి విరుచుకోవాలి. పట్టేది నాలుగు సెకన్లు. కొన్ని కండెలకోసారి గుంటలోంచి బయటికి వచ్చి, వాకిలి దాకా నడిచి, నీళ్లు తాగి రావాలి. కొయ్యలగూడెం పెద్దాయన ఒకాయన నెల తర్వాత వచ్చి, "నొప్పి ఉన్నది గని, నన్ను ఆపుతలేదు బిడ్డా" అన్నాడు. నాకు అంతకన్నా మంచి ఫలితం అక్కర్లేదు.

చింతకింది మల్లేశం కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. చీర కోసం దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తల్లికి "చెయ్యి సరిగ్గా ఆడించమ్మా" అని పాఠం చెప్పడం ఎవరి చేతనైనా అవుతుంది. ఆయన పనినే మార్చాడు. నడుం నొప్పి విషయంలో కూడా మనిషిని తప్పు పట్టేముందు పనిముట్టును చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

నాట్ల కూలీలకు కుర్చీ లేదు, పలక లేదు. బురదలో గంటల తరబడి వంగే ఉండాలి. అయినా వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. నారుకట్ట పట్టిన చెయ్యిని తొడ మీద ఆనించి, రెండో చేత్తో నాటుతారు. పై ఒంటి బరువులో కొంత తొడ మీదికి మళ్లుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది తెలియక రెండు రోజుల్లో మంచం పడతారు. పెద్దవాళ్లను చూసి నేర్చుకోమని, మోకాళ్లు కాస్త వదులుగా పెట్టమని, సాలు చివర నిలబడి వెనక్కి విరుచుకోమని చెబుతాను.

లాప్‌టాప్ పిల్లల సంగతి తేలిక. తెర కిందికి ఉంటుంది కాబట్టి తల వంగుతుంది, తల వెంట వీపు వంగుతుంది. లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టి తెరను కళ్ల ఎత్తుకు తెచ్చి, విడి కీబోర్డు కొనుక్కుంటే సగం సర్దుకుంటుంది. ఖరీదైన కుర్చీ అవసరం లేదు. తువ్వాలు చుట్టి, బెల్టు పెట్టుకునే చోట నడుము వెనక పెట్టుకుని పూర్తిగా వెనక్కి ఆనుకోండి. పాదాలు నేలకు ఆనాలి. ఫోన్ వస్తే లేచి మాట్లాడండి. బల్ల మీద పెద్ద నీళ్ల సీసా కాకుండా చిన్న గ్లాసు పెట్టుకోండి, నీళ్ల కోసమైనా లేస్తారు. డ్రైవర్లయితే సీటు ముందుకు జరుపుకుని, వెనక జేబులోని పర్సు తీసి పక్కన పెట్టాలి.

ఎంఆర్‌ఐ ఫిల్ము పట్టుకుని వణికిపోతూ వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. "డిస్కు ఉబ్బింది", "డిస్కు అరిగింది" అన్న రెండు ముక్కలు చదువుకుని, ఇక వంగకూడదు, బరువెత్తకూడదు అని బతుకునే కుదించుకుంటారు. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానులు కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. 80 ఏళ్ల వాళ్లలో అరుగుదల 96 శాతం, ఉబ్బు 84 శాతం. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు. వయసుతో జుట్టు నెరవడం ఎలాగో ఇదీ అలాగే. పిరుదు నుంచి పిక్క దాకా లాగే నొప్పికి నరం మీద ఒత్తిడి కారణమే కావచ్చు, అయినా బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్క చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది.

"మంచం దిగొద్దన్నరు" అనే మాట ఇంకా వింటున్నాను. 1986లోనే అమెరికాలో రెండు రోజుల విశ్రాంతినీ ఏడు రోజుల విశ్రాంతినీ పోల్చి చూశారు. ఎక్కువ రోజులు పడుకున్నందుకు అదనపు మేలేమీ కనపడలేదు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద చూస్తే, ఓర్చుకోగలిగినంత వరకూ మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. మరీ పట్టేసినప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోండి, మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి, వేడి కాపడం పెట్టుకోండి. ఆ తర్వాత నడవండి. కొత్తగా వచ్చిన నొప్పి ఎక్కువ మందికి ఆరు వారాల లోపే బాగా తగ్గుతుంది. ఒక కొండగుర్తు: ఏదైనా వ్యాయామం చేస్తున్నప్పుడు కాలి నొప్పి పైకి, నడుము వైపుకి జరిగితే మంచిదే. కిందికి, పాదం వైపుకి పాకితే అది ఆపేయండి. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ 1950ల్లో ఒక రోగి అనుకోకుండా బోర్లా, వెనక్కి విరుచుకుని పడుకున్నప్పుడు ఈ సంగతి గమనించాడు. నేటికీ మేము రోజూ వాడే పరీక్ష అది.

బెల్టు గురించి అడగనివాళ్లు లేరు. దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులను మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. నడుమును లాగి పట్టే ట్రాక్షన్ కూడా వద్దంది. ఆపరేషన్ తర్వాత, ఎముక విరిగినప్పుడు డాక్టరు వేయమన్నది వేరు. పరుపు సంగతికొస్తే, చెక్కలాంటి గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపే మేలని స్పెయిన్‌లో 313 మంది మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కటిక నేల మీద పడుకుంటే నడుము సరిపడుతుందని ఒళ్లు హూనం చేసుకుంటున్నవాళ్లు దయచేసి ఒక బొంత వేసుకోండి.

బాలింతల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. "ఆపరేషన్ల వెన్నుకు సూది ఇచ్చిండ్రు, అప్పటి నుంచి నడుము పోయింది" అని ఏళ్ల తర్వాత కూడా అంటారు. సూది పడ్డ చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ సూది కారణమని పరిశోధనలు చూపలేదు. తొమ్మిది నెలలు సాగిన పొట్ట కండరాలు, తెగిన నిద్ర, రోజుకు ఎన్నోసార్లు బిడ్డ మీదికి వంగి పాలివ్వడం, అసలు భారం ఇక్కడుంది. తల్లి బిడ్డ మీదికి వంగకూడదు, బిడ్డనే తల్లి దగ్గరికి తెచ్చుకోవాలి. గోడకు ఆనుకుని, నడుము వెనక ఒక దిండు, ఒడిలో రెండు దిండ్లు వేసి వాటి మీద బిడ్డను పడుకోబెట్టండి. ఇది ఇంట్లో ఉన్న అమ్మలూ అత్తలూ చూసుకోవాల్సిన పని.

భంగిమ మార్చితే తగ్గని నొప్పులూ ఉన్నాయి. నల్లగొండ వైపు ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో కొందరి వెన్ను కర్రలా బిగుసుకుని ఉంటుంది, వంగమంటే వంగదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎంతో మించిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లలో సున్నం పేరుకుంటుంది. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో మా చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. కానీ పాత బోరు నీళ్లు ఎముకల్లో చేసిన పని వెనక్కి పోదు. అలాంటివాళ్లను గట్టిగా వంచి, నలిపి వైద్యం చేసేవాళ్ల దగ్గరికి అస్సలు పంపకండి.

ఇంకొన్ని గుర్తులు కనిపిస్తే నా దగ్గరికి కూడా రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం పోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాలు లేదా పాదం పట్టు తప్పడం: వీటిలో ఏది వచ్చినా అదే రోజు చూపించాలి, తెల్లారేదాకా ఆగకూడదు. పెద్ద వయసులో జారిపడ్డాక మొదలైన నొప్పికి ఎక్స్‌రే కావాలి. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు కొత్త నడుం నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నెముక టీబీ కాదని తేల్చుకోవాలి. ఊపిరితిత్తులకే కాదు, టీబీ వెన్నుపూసలకూ వస్తుంది, దగ్గు ఏమాత్రం లేకుండా కూడా వస్తుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకుండా, డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడాలి.